లాగుతుందా అని కాదు, ఆగుతుందా అని అడుగు

మొన్న రాయదుర్గంలో మా ఆఫీసు క్యాంటీన్లో భోంచేస్తుంటే మా టీములో కుర్రాడొకడు వచ్చి ఫోను నా కంచం పక్కన పెట్టాడు. "అన్నా, ఇది చూడు, ఎట్లుంది?" అన్నాడు. చూస్తే రెండు చక్రాల మీద చిన్న డబ్బా ఇల్లు. లోపల ఇద్దరు పడుకునే మంచం, మడత బల్ల, గ్యాస్ స్టవ్వు, వెనకాల నీళ్ళ ట్యాంకు. ఎవరో వెల్డింగ్ షాపాయన చేసిస్తానన్నాడట. దాన్ని తన ఇన్నోవాకి తగిలించి, పెళ్ళాం పిల్లల్నీ అత్తామామల్నీ ఎక్కించుకుని శ్రీశైలం వెళ్ళాలని వీడి ప్లాను. పండగ రోజుల్లో గది దొరకలేదన్న బాధ ఉండదు కదా అని.

"నువ్వు అమెరికాలో ఇట్లాంటిది లాగినవంట కదన్నా. మన ఇన్నోవా దీన్ని లాగుతుందా?"

"లాగుతుంది" అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది.

"కానీ నువ్వు అడగాల్సిన ప్రశ్న అది కాదు" అన్నాను. మొహం మళ్ళీ మామూలైపోయింది. ఈలోగా నాకు ఒంటిగంటన్నర కాల్ గుర్తొచ్చి లేచిపోయాను. అప్పుడు సగంలో ఆపిన జవాబు ఇది. వాడికోసం మొదలుపెట్టాను గానీ, ఆన్‌సైట్ వెళ్ళి వేసవి సెలవులకి మినీ వ్యాన్ వెనక ట్రైలర్ తగిలించుకుందామనుకునే మనవాళ్ళందరికీ పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నా.

2012 సంగతి. అప్పుడు కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా ఆర్నెల్లకి వచ్చారు. అమ్మ బయట తిండి ముట్టదు. ఎక్కడికి వెళ్దామన్నా "మీరెళ్ళి రండి నాన్నా, నేనూ మీ నాన్నా ఇంట్లో ఉంటాం" అనేది. రెండు నెలలు అలా గడిచాక నాకో బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. వంటిల్లునే వెంట తీసుకెళ్తే? అలా ఒక చిన్న ట్రైలర్ మూడు రోజులకి అద్దెకి తీసుకుని లేక్ తాహో బయల్దేరాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మా నాన్నా.

బయల్దేరే ముందు నేను చేసిన పరిశోధన అంతా ఒక్క అంకె. సియన్నా, ఒడిస్సీ లాంటి మినీ వ్యాన్లు సరైన సరంజామా ఉంటే 3,500 పౌండ్లు, అంటే దాదాపు 1,590 కిలోలు లాగుతాయని కంపెనీలే చెబుతాయి. మా వ్యాన్‌దీ అదే అంకె. ట్రైలర్ ఖాళీ బరువు 1,900 పౌండ్లు. సామాన్లేస్తే ఓ 2,600 అవుతుంది. ఇంకా 900 మిగులు! నాలో ఇంజనీరు తృప్తిపడ్డాడు. సర్వర్ కెపాసిటీలో మూడొంతులే వాడుతున్నాం, ఇంకేం కావాలి?

వెళ్ళేటప్పుడు ఏ గొడవా లేదు. బియ్యం, పప్పులు, నీళ్ళ సీసాల కేసులు, కుక్కరు, పచ్చడి జాడీలు అన్నీ ట్రైలర్ ముందు భాగంలో ఉన్న అరలో సర్దింది మా ఆవిడ. బండి చక్కగా నడిచింది. మూడు రోజులు అమ్మ ఆ చెట్ల మధ్య పప్పుచారు కాచింది. ఆ సంగతి ఇంకోసారి చెబుతా.

తిరుగు ప్రయాణంలో జరిగింది అసలు కథ.

ఐ-80 మీద డానర్ శిఖరం 7,200 అడుగుల పైన ఉంటుంది. అక్కణ్ణుంచి శాక్రమెంటో వైపు పొడుగాటి దిగుడు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్ళకి గంటకి 55 మైళ్ళే పరిమితి. నేను 65లో ఉన్నా. దిగుడు కదా, బండి దానంతటదే పోతోంది, అందరూ పోతున్నారు, నేనూ పోతున్నా. పక్కనుంచి పెద్ద ట్రక్కు ఒకటి దాటింది. దాని గాలి తోపుకి ట్రైలర్ కాస్త పక్కకి జరిగింది. మళ్ళీ ఇటు వచ్చింది. మళ్ళీ అటు... ఒక్కో ఊపూ ముందుదాని కంటే పెద్దది. అద్దంలో ఒకసారి ట్రైలర్ ఎడం వైపు గోడ మొత్తం కనిపించింది, మరుక్షణం కుడి వైపు గోడ. తోక కుక్కని ఊపడం అంటే ఏంటో అప్పుడు చూశా. స్టీరింగ్ నా చేతిలో ఉంది గానీ బండి నా చేతిలో లేదు.

అలవాటు కొద్దీ బ్రేకు తొక్కాను. అది తప్పు. ముందున్న వ్యాన్ తగ్గింది, వెనక నుంచి 2,600 పౌండ్లు ఇంకా గట్టిగా తోసింది. ఊపు పెరిగింది. "ఏమండీ!" అని మా ఆవిడ ఒక్క అరుపు. అద్దెకిచ్చినాయన బయల్దేరేటప్పుడు స్టీరింగ్ కింద ఉన్న చిన్న పెట్టె చూపించి "ఊగితే ఇది నొక్కు, కాలు మాత్రం బ్రేకు మీద పెట్టకు" అన్న మాట ఎక్కణ్ణుంచో గుర్తొచ్చింది. కాలు తీసేశాను. యాక్సిలరేటర్ మీద కూడా లేదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని ఆ పెట్టె మీటని వేలితో నొక్కాను. అది ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు వేస్తుంది. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు ట్రైలర్ బిగిసి, తిన్నగా మా వెనక్కి వచ్చేసింది. మొత్తం ఎనిమిది, పది సెకన్లు అయ్యుంటుంది. పిల్లలు నిద్రలోనే ఉన్నారు.

గోల్డ్ రన్ దగ్గర రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆపాను. దిగితే కాళ్ళు నిలబడలేదు.

మా నాన్నకి కారు నడపడం రాదు. తెనాలి దగ్గర మా ఊళ్ళో నలభై ఏళ్ళు ఎడ్ల బండి తోలాడు. ఆయన దిగి ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగి, ముందు అర తలుపు తీశాడు. ఖాళీ. బియ్యం అయిపోయాయి, నీళ్ళు అయిపోయాయి. వెనక్కి వెళ్ళి చూశాడు. అక్కడ పిల్లల సైకిళ్ళు, తడి దుప్పట్లు, మడత కుర్చీలు. వాటి కింద గిన్నెలు కడిగిన మురికినీళ్ళ ట్యాంకు, నిండా.

"ఒరే అబ్బాయ్, బరువంతా వెనకేశావు కదరా. నొగ తేలిపోయింది" అన్నాడు.

అంతే. ఆ తర్వాత నేను చదివిన పుస్తకాల్లోనూ, మాన్యువళ్ళలోనూ ఉన్న సారం అంతా ఆ ఒక్క మాటే. ధాన్యం బస్తాలు ఎడ్ల బండికి ఎక్కించేటప్పుడు ఇరుసుకి కాస్త ముందుకి బరువు ఉండేలా చూస్తారు. మరీ ముందుకైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక్కైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకి బిగుసుకుంటుంది, బండి వాటి అదుపులో ఉండదు. బస్తాలు సరిపెట్టలేకపోతే తోలేవాడే ముందుకి జరిగి కూచుంటాడు. ట్రైలర్ కీ అదే లెక్క. ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు నొగ మీద, అంటే మన బండి కొక్కెం మీద పడాలి. పదికి తగ్గితే వేగం పెరిగేకొద్దీ ఊపు పుడుతుంది. ఒక వేగం దాటాక ఆ ఊపు దానంతటది ఆగదు, పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ లూప్. లోడ్ తక్కువున్నప్పుడు అన్ని టెస్టులూ పాసై, ప్రొడక్షన్లో అర్ధరాత్రి పడిపోయే రకం.

సామాన్లు ముందుకి మార్చి, 45 దాటకుండా మెల్లగా కిందికి దిగాం. శాక్రమెంటో దాటాక ఒక ట్రక్ స్టాపులో కాటా ఉంది. పది పదిహేను డాలర్లకి ఇరుసు ఇరుసుకీ బరువు తూచి కాగితం ఇస్తారు. ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పేసి వ్యాన్ ఒక్కదాన్నే ఒకసారి తూచాను. వ్యాన్ చక్రాల మీద పడ్డ బరువులో తేడా ఎంతో అదే నొగ బరువు. 200 పౌండ్లు వచ్చింది. కనీసం 260 ఉండాలి. అంటే సామాన్లు ముందుకి మార్చాక కూడా సరిపోలేదు. మరి పైన, ఆ ట్రక్కు దాటినప్పుడు ఎంత ఉందో ఆలోచించడానికి కూడా భయమేసింది.

సరే, ఇంకో 100 పౌండ్లు ముందుకి జరిపితే అయిపోతుంది కదా అనుకున్నా. ఇక్కడే అసలు తిరకాసు. డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు స్టిక్కరు ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదు అని. మూడేళ్ళుగా రోజూ ఆ తలుపు తీస్తున్నా, ఏనాడూ చదవలేదు. మా వ్యాన్‌ది 1,150 పౌండ్లు. లెక్కేశాను. ఆరుగురు మనుషులం 690. వ్యాన్లో సామాను 220. కొక్కెం సరంజామా 40. మొత్తం 950. ఇంక మిగిలింది 200. నొగ మీద పడే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే దాన్ని మోసేది వ్యాన్ వెనక ఇరుసే.

అంటే ఏంటన్నమాట? ట్రైలర్ ఊగకుండా ఉండాలంటే నొగ మీద 300 వెయ్యాలి. 300 వేస్తే వ్యాన్ మోయాల్సిన దానికంటే 100 ఎక్కువ. వెనక కుంగుతుంది, ముందు చక్రాల మీద పట్టు తగ్గుతుంది. మినీ వ్యాన్లు ఎక్కువగా ముందు చక్రాలతో నడిచేవే, స్టీరింగూ వాటిదే. కాబట్టి తగ్గకూడని చోట పట్టు తగ్గుతుంది. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. తిరగేసి లెక్క కడితే, నూటికి 12 వంతుల చొప్పున 200 పౌండ్ల నొగకి తగిన ట్రైలర్ 1,650 పౌండ్లు. కంపెనీ అచ్చేసింది 3,500. ఆరుగురితో మా సంసారం నిజంగా లాగగలిగింది 1,650. నేను అద్దెకి తెచ్చిన ట్రైలర్ ఖాళీగా ఉన్నప్పుడే అంతకంటే ఎక్కువ!

కంపెనీ అబద్ధం చెప్పలేదు. ఆ 3,500 బండిలో ఒకరో ఇద్దరో ఉన్నప్పటి మాట. కొన్ని మాన్యువళ్ళలో మనుషులు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతూ పోయే పట్టిక కూడా ఉంటుంది. చదివేదెవరు? మనం ఎప్పుడూ పెద్ద అంకె చూసి ఆగిపోతాం. ఇంజను బలం చూస్తాం. ఇంజను పని లాగడం. మనల్ని ఇంటికి చేర్చేవి బ్రేకులూ, టైర్లూ, ఇరుసులూ.

వేగం సంగతీ చెప్పాలి. 55కీ 65కీ తేడా పది మైళ్ళే అనిపిస్తుంది. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా, అది నూటికి 40 వంతులు ఎక్కువ. మనమంతా ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఎంసెట్ రాసినవాళ్ళమే. ఆ రోజు దిగుడులో నాకు గుర్తు రాలేదు.

ఇక మన హైదరాబాదుకి వద్దాం. తమ్ముడూ, నీ ప్లాన్లో నాకు కనిపించినవి వరసగా చెబుతా.

ఒకటి. అమెరికాలో ఆ 3,500 అన్న అంకైనా ఉంది. ఇక్కడ ముందు నీ బండి మాన్యువల్లో ట్రైలర్ లాగడం గురించి ఏం రాశారో చూడు. ఎంత బరువు, నొగ మీద ఎంత అని స్పష్టంగా లేకపోతే లేనట్టే లెక్క. ఉజ్జాయింపుగా వేసుకోకు. బంపర్లో బిగించే కొండి ఉంటుందే, అది చెడిపోయిన బండిని లాగడానికి. ట్రైలర్ కోసం కాదు.

రెండు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా రిజిస్టర్ చేయించాల్సిన వాహనమే. సెక్షన్ 61 చూడు. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సెక్షన్ 52. కాబట్టి వెల్డింగాయనకి అడ్వాన్సు ఇచ్చేముందు ఆర్టీవో ఆఫీసులో అడుగు. ఇన్సూరెన్సు వాళ్ళని నోటిమాటగా కాదు, కాగితం మీద అడుగు. ఏదైనా జరిగాక అడిగితే వాళ్ళ జవాబు వేరేగా ఉంటుంది.

మూడు. ట్రైలర్ కి సొంత బ్రేకులు ఉన్నాయా? నన్ను కాపాడింది అవే. కొక్కెం ఊడితే దానంతటవే పడే బ్రేకు తీగ ఉందా? రెండు గొలుసులు నొగ కింద అడ్డంగా, కత్తెరలా తగిలించాలి. కొక్కెం ఊడినా ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ కత్తెర మీద ఆగుతుంది. వెనక దీపాలు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు బండితోపాటు వెలగాలి. కొల్లూరు, తెల్లాపూర్ వైపు రాత్రిపూట దీపాల్లేని ట్రాక్టర్ ట్రాలీ హఠాత్తుగా ఎదురుగా కనపడితే గుండె ఎలా ఆగుతుందో మనకి తెలుసు. మనం అలాంటి ట్రాలీ కాకూడదు.

నాలుగు. ఆ వెనకాల నీళ్ళ ట్యాంకు. ఎండాకాలం మాదాపూర్ సందుల్లో వాటర్ ట్యాంకరు వెనక బైక్ మీద వెళ్ళినవాడికి చెప్పక్కర్లేదు. ట్యాంకరు ఆగినా లోపల నీళ్ళు ఆగవు. సగం నిండిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. ట్యాంకు ఇరుసు మీదకి వచ్చేలా చేయించు, ప్రయాణంలో ఖాళీగా ఉంచు. నీళ్ళు అక్కడా దొరుకుతాయి.

ఐదు. తూచు. ఊరి చుట్టూ ఎన్ని ధరమ్ కాంటాలు లేవు! సామానంతా వేశాక ట్రైలర్ని విప్పి కాటా మీద ఒకసారి తూచు. తర్వాత బండికి తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఇంకోసారి. తేడా ఎంతో అదే నొగ బరువు. తిరుగు ప్రయాణానికి ముందు మళ్ళీ ఒకసారి సామాను ఎక్కడుందో చూడు. నా తప్పు వెళ్ళేటప్పటిది కాదు, వచ్చేటప్పటిది.

ఆరు. ఓఆర్ఆర్ మీద 120 బోర్డు చూసి సరదా పడకు. అది లోపలి లేన్లకి. నీది ఎడమ పక్క, 80 లోపు. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదులు. శ్రీశైలం దారి సంగతి నీకు తెలిసిందే. దోమలపెంట దాటాక డ్యాము దాకా దిగే ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి దిగితే కిందికొచ్చేసరికి బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మలుపుకి ముందే గేరు తగ్గించి, ఇంజను పట్టు మీద దిగాలి. ఆ హెయిర్‌పిన్ మలుపుల్లో ట్రైలర్ చక్రాలు నీ చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. మొదటిసారి నేర్చుకునే చోటు అది కాదు. ఆదివారం పొద్దున్నే ఎక్కడైనా ఖాళీ మైదానంలో వారం వారం తిప్పు. వెనక్కి తోలడం కూడా అక్కడే నేర్చుకో. స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు.

ఏడు. "మా అత్తమ్మకి నడుం నొప్పి, దార్ల ట్రైలర్లనే పడుకుంటది" అన్నావు చూడు, అది మాత్రం వద్దే వద్దు. నడుస్తున్న ట్రైలర్లో మనిషి ఉండకూడదు. గ్యాస్ సిలిండర్ కట్టేసే ఉండాలి.

ట్రైలర్ జోలికి పోనివాళ్ళు నవ్వుకోకండి. సంక్రాంతి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు పంతంగి టోల్ గేటు దగ్గర నిలబడి చూడండి. ఇన్నోవాలో ఎనిమిది మంది, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు, పైన క్యారియర్ మీద అరిసెల డబ్బాలూ కొబ్బరికాయలూ. వెనక చక్రాల మీద కుంగి, హెడ్‌లైట్లు చెట్ల మీదకి చూస్తుంటాయి. నొగ లేదు గానీ లెక్క అదే. ఆ బండి 120లో పోగలదు, అందులో సందేహం లేదు. ఎదురుగా గేదె వస్తే?

నిన్న ఆ కుర్రాడు మళ్ళీ కనపడ్డాడు. వెల్డింగ్ షాపుకి వెళ్ళొచ్చాడట.

"ట్రైలర్ కి బ్రేకులు పెడ్తరా అని అడిగినన్నా."

"ఏమన్నాడు?"

"బ్రేకులు దేనికి సార్, లాగే బండికి ఉన్నయ్ గదా అన్నడు."

ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాడే అన్నాడు, ఈసారికి శ్రీశైలంలో గది బుక్ చేసుకుంటానని. ఎన్ని రోజుల ముందు బుక్ చెయ్యాలో మాత్రం నన్ను అడగొద్దన్నాను.